ఇచ్చిన సమాచారం సరిపోతుందా

ఎంబీఏ ప్రవేశ పరీక్షకు చదివిన ఆ ఆరు నెలల్లో నన్ను బాగా ఏడిపించినవి డేటా సఫిషియెన్సీ లెక్కలు. ఒక ప్రశ్న ఉంటుంది. దాని కింద రెండు వాక్యాలు ఉంటాయి. జవాబు ఎంతో మనం చెప్పక్కర్లేదు. జవాబు తేలడానికి మొదటి వాక్యం ఒక్కటే చాలా, రెండోది ఒక్కటే చాలా, రెండూ కలిస్తే చాలుతాయా, కలిసినా చాలవా, అది చెబితే చాలు. వినడానికి తేలికే. నేను మాత్రం ప్రతిసారీ పెన్ను పట్టుకుని జవాబు కోసం పరుగెత్తేదాన్ని. బడిలో పదేళ్లు, కాలేజీలో ఐదేళ్లు నాకు నేర్పింది అదే మరి. జవాబు దొరికేసరికి సమయం అయిపోయేది. లేదంటే దొరకని చోట కూడా దొరికినట్టే అనిపించేది. ఈ రెండోదే ఎక్కువ మార్కులు తినేసింది.

కోచింగ్ శంషాబాద్‌లో, బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఒక సెల్‌ఫోన్ దుకాణం పైన. ఆదివారాలు మాత్రమే క్లాసు. మా సారు ఎవరినీ తిట్టేవాడు కాదు కానీ నా పేపరు దగ్గరికి వచ్చేసరికి నిట్టూర్చేవాడు.

"నిన్నెవరమ్మా జవాబు అడిగింది? ఉన్న సమాచారం సరిపోతుందా లేదా, అంతే కదా ప్రశ్న. లేనిది ఊహించుకుని కలపొద్దు" అనేవాడు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న ఒక హోటల్లో ట్రావెల్ డెస్క్‌లో పనిచేస్తున్నాను. ఏ అతిథి ఏ విమానానికి వస్తున్నాడు, అతని కోసం ఏ బండి వెళ్లాలి, ఎవరిని ఎన్నింటికి దింపాలి, ఇదీ నా పని. ఐదేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. నా తరువాత రెండేళ్లకు చేరిన అమ్మాయి అసిస్టెంట్ మేనేజర్ అయింది, నేను పని నేర్పిన అమ్మాయే. కారణం అడిగితే మేనేజర్ ఒకే మాట అన్నారు. "ఆవిడకు ఎంబీఏ ఉంది. మీరూ సీటు తెచ్చుకోండి. సాయంత్రం కాలేజీకి వీలుగా షిఫ్టు సర్దుతాను. లెటర్ మీద సంతకం నేనే పెడతాను."

ఆ మాట పట్టుకుని పుస్తకాలు కొన్నాను. ఇంట్లో చదివే వీలు లేదు. మా బాపు టీవీ చప్పుడు తగ్గించడు, అమ్మ పని చెప్పకుండా ఊరుకోదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు హోటల్ లాబీ ఖాళీగా ఉంటుంది. అప్పుడు డ్రాయర్‌లోంచి పుస్తకం తీసేదాన్ని. పని వేళలో చదవకూడదని నాకు తెలుసు. అయినా తీసేదాన్ని.

నేను కాకా అని పిలిచే మనిషి అక్కడే నాకు దగ్గరయ్యాడు. అతను మా హోటల్ వ్యాన్ తోలేవాడు. యాభైకి దగ్గర పడిన మనిషి. ఊరు కందుకూరు పక్కన. రెండెకరాల్లో టమాట పెట్టేవాడు, అది భార్య చూసుకునేది. తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాడు. రోజూ పొద్దున్నే మోటారు సైకిల్ మీద వచ్చి, విమానాశ్రయానికి ఏడెనిమిది సార్లు తిరిగి, మధ్యలో ఖాళీ దొరికితే నా బల్ల పక్కన నిలబడి టీ తాగేవాడు. అందరూ అతన్ని అన్నా అనేవాళ్లు. నేను మాత్రం బాబాయి వరసగా కాకా అనేదాన్ని, ఎందుకంటే మొదటి రోజే నన్ను బిడ్డా అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఒక లెక్కను పైకి చదువుకుంటున్నాను. ఎ, బి, సి ముగ్గురు అన్నదమ్ములు. అందరికన్నా పెద్దవాడు ఎవరు? మొదటి వాక్యం, బి కన్నా ఎ పెద్ద. రెండో వాక్యం, బి కన్నా సి పెద్ద. రెండూ కలిపితే తేలుతుందని టిక్కు పెట్టాను.

"ఎట్ల తేల్తది?" అన్నాడు కాక, టీ గ్లాసు పట్టుకుని.

"ఏంది కాకా?"

"బి చిన్నోడని తేలింది. మంచిగున్నది. గా ఎ పెద్దోడా, సి పెద్దోడా? గది ఎవ్వరు చెప్పలే గద."

పుస్తకం వెనక జవాబులు చూశాను. రెండూ కలిసినా చాలవు అని ఉంది. సిగ్గేసింది.

"పేర్లు గూడ లేవు పాపం వాళ్లకు" అని గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు నేనే పిలిచి ఇంకొకటి చదివాను. ఐదు కార్లు ఒకే వరుసలో ఉన్నాయి. ఎర్ర కారు ముందు నుంచి ఎన్నోది? మొదటి వాక్యం, ఎర్ర కారుకు ముందు ఎన్ని ఉన్నాయో వెనక అన్నే ఉన్నాయి. రెండో వాక్యం, ఎర్ర కారుకు సరిగ్గా వెనక తెల్ల కారు ఉంది.

"మొదటిదే సాలు" అన్నాడు వెంటనే. "రెండోది ఉత్త ముచ్చట. ఎనక తెల్లది ఉంటేంది, నల్లది ఉంటేంది?"

"అది కూడా నిజమే కదా కాకా."

"నిజమే. గని పనికొచ్చే నిజం కాదు బిడ్డా."

విమానాశ్రయం బయట బండ్ల వరుసలో ఏళ్ల తరబడి నిలబడిన మనిషి అతను. తన ముందు ఎన్ని ఉన్నాయి, వెనక ఎన్ని ఉన్నాయి, ఏ విమానం ఆలస్యమైతే ఎవరి వంతు మారుతుంది, అదంతా అతనికి అలవాటైన విషయం. నాకున్నట్టు అతనికి జవాబు మీద ఆత్రం లేదు. ఎదుటివాడు చెప్పిన మాటల్లో ఏది తేలిందో, ఏది తేలలేదో అది మాత్రమే చూసేవాడు. బీజగణితం ఉన్న లెక్కలు అతనికి తెలియవు. మాటలతో ఉన్నవి మాత్రం నాకన్నా ముందే చెప్పేవాడు. తప్పు చెప్పిన రోజు సాయంత్రం దాకా దాని గురించే మాట్లాడేవాడు. ఇంటికెళ్లి భార్యకు కూడా అవే ప్రశ్నలు వేస్తున్నానని నవ్వుతూ చెప్పాడు ఒకసారి.

ఒకరోజు అడిగాడు. "గీ లెక్కలల్ల ఎవ్వరు అబద్ధం ఆడరా బిడ్డా?"

"ఆడరు కాకా. ఇచ్చిన రెండు మాటలు నిజమనే అనుకోవాలె. గది రూలు."

"అయితే మంచి లెక్కలే" అన్నాడు.

రెండు నెలలు గడిచేసరికి నేను మారాను. జవాబు వైపు పరుగు తగ్గింది. ఒక్కొక్క వాక్యాన్ని విడిగా పట్టుకుని, ఇది నాకేం చెప్పింది, ఏం చెప్పలేదు అని చూడటం వచ్చింది. కోచింగ్‌లో పెట్టిన నమూనా పరీక్షలో ఆ విభాగంలో నేనే మొదటిదాన్ని. సారు అందరి ముందు నన్ను లేపి, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాడు. రోజూ సాధన చేశాను సార్ అన్నాను. మా హోటల్ డ్రైవర్ నేర్పాడు అనడానికి నోరు రాలేదు. అది చిన్న విషయమే అనుకున్నాను.

పరీక్షకు ఇంకా పన్నెండు రోజులున్నాయనగా ఆ మధ్యాహ్నం వచ్చింది.

మా హోటల్లో లగేజీకి ఒక స్లిప్ ఉండేది. విమానాశ్రయంలో వ్యాన్‌లోకి ఎన్ని ఎక్కాయో, చేతిసంచులతో సహా, డ్రైవర్ రాసి అక్కడే అతిథి సంతకం తీసుకుంటాడు. హోటల్ దగ్గర ఎన్ని దిగాయో ట్రావెల్ డెస్క్‌లో ఉన్న మనిషి బయటికి వెళ్లి లెక్కపెట్టి పక్క గడిలో రాయాలి. అంటే నేను రాయాలి.

ఆ రోజు ఫోన్‌లో సమయం పెట్టుకుని పూర్తి పేపరు చేస్తున్నాను. ఇంకా ఆరు నిమిషాలున్నాయి. వ్యాన్ పోర్టికోలో ఆగింది. భార్యాభర్తలు ఇద్దరు దిగారు. హోటల్ మనిషి వాళ్ల సూట్‌కేసులు తోపుడుబండి మీద పెట్టుకుని లిఫ్టు వైపు వెళ్లాడు. కాక వచ్చి స్లిప్ నా ముందు పెట్టాడు.

"మూడున్నయి బిడ్డా. జర చూస్కో."

"ఆఁ, ఆఁ కాకా" అన్నాను తల ఎత్తకుండా. స్లిప్ తీసి చదువుతున్న పేజీలో పెట్టేశాను. బయటికి వెళ్లలేదు, లెక్కపెట్టలేదు, రాయలేదు. పేపరు మాత్రం సమయానికి పూర్తి చేశాను.

కాక రోజూలాగే వ్యాన్‌ను లాండ్రీ వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ నల్లా ఉంది, మధ్యాహ్నం ట్రిప్పు అయ్యాక అక్కడే బండి కడుగుతాడు. నాలుగింటికి వెళ్లిపోయాడు. భార్యకు కళ్లు మసకగా ఉంటున్నాయని, దవాఖానలో చూపించాలని పొద్దున్నే నాతో చెప్పి పెట్టాడు.

నాలుగున్నరకు ఆ భార్యాభర్తలు కిందికి వచ్చారు. ఆమె చేతిసంచి కనబడటం లేదు. గోధుమ రంగు చిన్న సంచి, అందులో బంగారు గాజులు. గదికి మూడు సూట్‌కేసులు వచ్చాయి, సంచి రాలేదు. "వ్యాన్‌లో నా పక్కనే పెట్టుకున్నట్టు గుర్తండీ" అంది ఆమె. అబద్ధం ఆడే మనిషిలా లేదు. ఆమెకు అలా గుర్తుంది, అంతే.

మేనేజర్, సెక్యూరిటీ ఆఫీసర్ నన్ను లోపలి గదికి పిలిచారు. పోర్టికో కెమెరాలో వ్యాన్ ముందు భాగం తప్ప ఏమీ కనబడలేదట.

"అతిథుల్ని దించాక వ్యాన్ ఎక్కడికి వెళ్లింది?" అన్నారు మేనేజర్.

"లాండ్రీ వెనక్కి సార్."

"ఎంతసేపు ఉంది?"

"పావుగంట ఉంటుందేమో సార్."

"ఇవాళ ముందే వెళ్లిపోయాడా?"

"నాలుగింటికి వెళ్లాడు సార్."

"ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా వెళ్లాడా?"

"లేదు సార్. నాకు తెలిసి ఇదే మొదటిసారి."

అన్నీ నిజాలే. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు ఏం కలుపుతున్నారో నాకు అర్థమైంది. రెండు నెలలుగా నేను చేస్తున్న పని అదే కదా, రెండు వాక్యాలు కలిపినా తేలని చోట తేలలేదని చెప్పడం. రోజూ అక్కడే బండి కడుగుతాడు సార్ అనొచ్చు. భార్యను దవాఖానకు తీసుకెళ్లాడు సార్ అనొచ్చు. వాళ్లు అడగలేదు. నేను అనలేదు.

తరువాత మేనేజర్ అడిగారు. "లగేజీ స్లిప్ ఏది?"

అది నా డ్రాయర్‌లో, నా పుస్తకంలో ఉంది. అందులో కాక రాసిన మూడు అనే అంకె ఉంది, దాని పక్కన ఆ భర్త సంతకం ఉంది. విమానాశ్రయంలో వ్యాన్ ఎక్కినవే మూడు. ఆ కాగితం ఒక్కటి బల్ల మీద పెడితే ఇంకేమీ అక్కర్లేదు. కానీ నేను రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందంటారు. ఏం చేస్తున్నావంటారు. మెమో ఇస్తారు. మెమో ఉన్న మనిషి షిఫ్టు లెటర్ మీద ఎవరూ సంతకం పెట్టరు.

"నాకు ఇవ్వలేదు సార్" అన్నాను.

అంత తేలికగా వచ్చింది ఆ మాట. గొంతు తడబడలేదు. ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నింటికన్నా అసహ్యం కలిగించేది అదే.

మరుసటి రోజు పొద్దున్నే కాకను పిలిచారు. నన్ను కూడా ఉండమన్నారు. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బండి కడిగిన సంగతి చెప్పాడు, దవాఖాన సంగతి చెప్పాడు. దవాఖాన చీటీ కూడా జేబులోంచి తీసి చూపించాడు. సెక్యూరిటీ ఆఫీసర్ దాన్ని చేత్తో పక్కకు జరిపాడు.

"అవన్నీ సరే. స్లిప్ ఎందుకు ఇవ్వలేదు?"

"ఇచ్చిన సార్. టేబుల్ మీద పెట్టిన. మూడున్నయని చెప్పిన గూడ." నా వైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా."

నేను నేల వైపు చూశాను. గచ్చు మీద నల్ల చారలున్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను.

"జర చెప్పు బిడ్డా" అన్నాడు మళ్లీ. ఈసారి గొంతు మెల్లగా వచ్చింది.

నేను చెప్పలేదు. అతను మూడోసారి అడగలేదు. ఆ తరువాత వాళ్లు ఏం అడిగినా ఒకే మాట అన్నాడు. "నేను తియ్యలే సార్. ఇగ మీ ఇష్టం."

పోలీసుల దాకా వెళితే హోటల్‌కు చెడ్డపేరని మేనేజర్ అనుకున్నారు. అతనే మానేస్తున్నట్టు కాగితం రాయించుకున్నారు. కాక సంతకం పెట్టి, వ్యాన్ తాళాలు నా బల్ల మీద పెట్టాడు. తాళాలు తీసుకునేది నేనే కదా. నన్ను బిడ్డా అనలేదు. మోటారు సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే నా షిఫ్టు లెటర్ మీద సంతకం అయింది.

పరీక్ష రాశాను. డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు ఒక్కటి కూడా వదలలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క వాక్యాన్ని విడదీస్తుంటే కాక గొంతే వినబడింది, గది ఎవ్వరు చెప్పలే గద అని. ఆ గొంతు విని సరైన గడి నొక్కాను. ఏడవలేదు. ఏడిస్తే సమయం పోతుంది. మంచి ర్యాంకు వచ్చింది. కోచింగ్ వాళ్లు ఫ్లెక్సీ మీద నా ఫొటో వేసి రోడ్డు పక్కన కట్టారు. మా బాపు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని కనబడిన ప్రతి మనిషికీ చూపించాడు.

పరీక్ష అయిన వారానికి హోటల్‌కు ఒక మెయిల్ వచ్చింది. అలాంటివి ముందుగా నేనే తెరుస్తాను. ఆ భార్యాభర్తలు రాశారు. సంచి విమానాశ్రయంలో సామాను తోసుకొచ్చిన ట్రాలీ మీదే మరిచిపోయారట. పోగొట్టుకున్న వస్తువుల కౌంటర్‌లో భద్రంగా ఉందట, గాజులన్నీ ఉన్నాయట. మీ సిబ్బందికి కలిగిన ఇబ్బందికి క్షమించండి అని చివర ఒక వాక్యం.

ప్రింటు తీసి మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన చదివి, హమ్మయ్య అన్నారు. కాగితం ఫైలులో పెట్టారు.

"సార్, కాకను... ఆ డ్రైవర్‌ను మళ్లీ పిలుద్దామా?"

"ఏమని పిలుస్తాం? మనం తీసేయలేదు కదా. ఆయనే మానేశాడు. ఇప్పుడు పిలిస్తే తప్పు మనదే అని ఒప్పుకున్నట్టు అవుతుంది."

"సార్, ఆ స్లిప్ గురించి నేను..."

"పరీక్ష బాగా రాశారట. చాలా సంతోషం" అన్నారు. "కాలేజీ మొదలవగానే కొత్త షిఫ్టు. ఇంక ఈ విషయం వదిలేయండి."

వదిలేశాను. ఆయన వదిలేయమన్నారని చెప్పుకోవడం సుఖంగా ఉంటుంది. నిజానికి వదిలేయడానికి ఎవరైనా ఒక మాట అంటారేమో అని ఎదురుచూస్తూ ఆ గదికి వెళ్లాను నేను.

రెండేళ్లు కాలేజీకి వెళ్లాను. ఎంబీఏ అయింది. అసిస్టెంట్ మేనేజర్ అయ్యాను. అదే హోటల్, వేరే గది. డ్రైవర్ల నియామకం కూడా నా చేతికి వచ్చింది. ఒకరోజు ఉద్యోగం కోసం వచ్చిన ఒక మనిషి కందుకూరు వైపు నుంచి వచ్చానన్నాడు. మీ హోటల్లో మా ఊరాయన ఒకరు చేసేవాడు మేడం అన్నాడు. నేను ఎవరని అడగలేదు. అతనే చెప్పాడు.

"బంగారం తీసిండని తీసేసిన్రట గద. గా ముచ్చట ఈ రోడ్డు పొంట అందరికి తెలిసిపోయింది. ఏ హోటలోళ్లు బండి ఇయ్యలే. కిరాయి కార్లోళ్లు గూడ వద్దన్నరు. మంచి డ్రైవర్ మేడం, పాపం."

ఆ ఆదివారం కందుకూరు బస్సెక్కాను.

ఇల్లు వెతకడం కష్టం కాలేదు. కాక వాకిట్లో కూర్చుని టమాట పెట్టెలకు మేకులు కొడుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి లేవలేదు. సుత్తి మాత్రం కింద పెట్టాడు.

"కాకా, ఆ సంచి దొరికింది" అన్నాను. నిలబడే చెప్పాను. "ఎయిర్‌పోర్టులనే మరిచిపోయిన్రట. నువ్వు తియ్యలేదని తేలింది."

"నేను తియ్యలేదని నాకు ఎరుకనే గద" అన్నాడు. "గది చెప్పనీకి గింత దూరం ఎందుకొచ్చినవ్?"

"ఎన్నడు దొరికింది?"

"అప్పుడే. నువ్వు పోయిన పద్దెనిమిది, ఇరవై రోజులకు."

అతను వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. రెండేళ్లు దాటింది. ఆ లెక్క పైకి చెప్పలేదు.

"స్లిప్ నా కాడనే ఉండె కాకా. నేనే దాచిన. నా పని నేను చెయ్యలేదని తెలుస్తదని భయపడ్డ."

"ఎరుక. నువ్వు కింద చూసినప్పుడే ఎరుకయింది."

లోపలి నుంచి అతని భార్య వచ్చింది. కళ్లకు అద్దాలున్నాయి. "ఎవరు?" అంది. అతను చెప్పాడు, గా హోటల్ బిడ్డ అని. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"నువ్వేనా? రోజూ ఇంటికొచ్చి నీ ముచ్చటనే చెప్పెటోడు. మా హోటల్ల ఒక బిడ్డ ఉన్నది, మస్తు హుషారు, పెద్ద పరీక్ష రాస్తది అని. నాకు గూడ గా లెక్కలు అడిగెటోడు. పాసయినవా?"

"అయిన" అన్నాను.

"మంచిది" అని లోపలికి వెళ్లిపోయింది. మంచినీళ్లు ఇవ్వలేదు. ఇవ్వాలని నేను అనుకోలేదు.

నేను ఏడుస్తూ, నేనేం చెయ్యాలె కాకా అని అడిగాను.

"హోటల్ కాగితం మీద రాసియ్యి. ఈయన తియ్యలే, వస్తువు దొరికింది అని. ముద్ర గుద్ది ఇయ్యి. నాకు ఎవలన్న మల్ల బండి ఇస్తరు. నాకు తోలుడు తప్ప ఇంకో పని రాదు. గీ పెట్టెలు కొడితే ఏమొస్తది?"

రాసిస్తానని మాట ఇచ్చాను. మరుసటి రోజే రాసి మేనేజర్ ముందు పెట్టాను. ఈసారి స్లిప్ సంగతి కూడా చెప్పాను. కోపం రాలేదు ఆయనకు. విసుగు వచ్చింది.

"ఇది లెటర్‌హెడ్ మీద ఇస్తే రేపు అతను లాయర్ దగ్గరికి వెళతాడు. అప్పుడు మీ ఉద్యోగం కూడా ఉండదు. తెలిసే అడుగుతున్నారా?"

తెలుసు సార్, ఇవ్వండి అని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. నేను అనలేదు. కాగితం మడిచి తెచ్చుకున్నాను. ఆ కాగితం కంటే నా ఉద్యోగం నాకు ముఖ్యమని అక్కడ రెండోసారి తేలింది. మొదటిసారి భయపడ్డానని చెప్పుకోవచ్చు. రెండోసారికి ఆ సాకు లేదు. నాకు అప్పటికి డిగ్రీ ఉంది, పదవి ఉంది, ఇంకో హోటల్లో పని దొరికేంత అనుభవం ఉంది.

లెటర్‌హెడ్ లేకుండా తెల్ల కాగితం మీద నా పేరుతో రాశాను. సంచి విమానాశ్రయంలో దొరికిందని, అతని తప్పేమీ లేదని. నా అబద్ధం గురించి ఒక్క ముక్క రాయలేదు. స్లిప్ జిరాక్సు జతచేసి పోస్టులో పంపాను. దాన్ని పట్టుకుని కాక జల్‌పల్లి వైపు ఒక గోదాముకు వెళ్లాడట, సరుకు వ్యాన్ తోలే పనికి. వాళ్లు చదివి, హోటల్ ముద్ర ఏది, ఈమె ఎవరు అని అడిగారట. ఇదంతా అతనే ఫోన్‌లో చెప్పాడు. నేను ఫోన్ చేస్తే ఎత్తాడు, అడిగితే చెప్పాడు. తిట్టలేదు. తిడితే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. అది కూడా నా సౌకర్యం కోసమే.

ఆ తరువాత రెండు నెలలకోసారి ఫోన్ చేసేదాన్ని. ఎట్లున్నవ్ కాకా అంటే, ఉన్న అనేవాడు. పని దొరికిందా అంటే, ట్రాక్టర్ తోలుతున్న, ఉన్నప్పుడు ఉంటది లేనప్పుడు లేదు అనేవాడు. నాకు తెలిసిన హోటల్ ఏదైనా ఉందా అని నన్ను ఎప్పుడూ అడగలేదు. నాకు తెలిసినవి పది ఉన్నాయి. ఏ ఒక్కరికైనా నేను ఫోన్ చేసి, ఆ మనిషి నిర్దోషి, తప్పు నాది అని చెప్పొచ్చు. ఈ ఊళ్లో హోటళ్ల వాళ్లం అందరం ఒకరికొకరం తెలిసినవాళ్లమే. చెబితే సాయంత్రానికి మా మేనేజర్‌కు తెలుస్తుంది. అందుకే చెప్పలేదు.

కిందటి ఎండాకాలంలో చివరిసారి చేశాను. ట్రాక్టర్ చప్పుడు వినబడుతోంది. ఇంజిను ఆపాడు.

"బిడ్డా" అన్నాడు. అన్నేళ్ల తరువాత మళ్లీ ఆ మాట విన్నాను. "ఒక మాట చెప్త. తప్పుగ అనుకోకు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల నా భార్య పరేషాన్ అయితుంది. రెండు దినాలు అన్నం సరిగ తినది. నువ్వు మంచిగుండు. ఇగ ఫోన్ చెయ్యకు."

"సరే కాకా" అన్నాను.

ఇంజిను మళ్లీ మొదలైంది. అతను ఫోన్ పెట్టేయడం మరిచిపోయినట్టున్నాడు. ట్రాక్టర్ కదలడం, ఎవరో పక్కకు జరగమని అరవడం కాసేపు వినబడ్డాయి. తరువాత లైను తెగింది.

నేను మళ్లీ చేయలేదు. అతను నన్ను అడిగిన వాటిలో నేను చేసింది ఆ ఒక్కటే.